చందవరం శిల్పం, పురావస్తువుల వేలం బజారు

పురాతన శిల్పాలు అమ్ముడుపోయే పెద్ద బజార్లు న్యూయార్క్, లండన్, పారిస్, హాంకాంగ్ నగరాల్లో ఉన్నాయి. ఆ బజార్లలో చేతులు మారిన రాళ్లలో ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతం నుంచి, గుండ్లకమ్మ ఒడ్డు నుంచి పోయిన శిల్పం ఒకటి ఉంది. 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళా ప్రదర్శనశాల దాన్ని 5,95,000 అమెరికన్ డాలర్లకు కొన్నది. పదకొండేళ్ల తరువాత, 2016లో, అదే సంస్థ ఆ శిల్పాన్ని భారతదేశానికి అప్పగించింది. పురావస్తువుల సేకరణలో ఏది న్యాయం, ఏది కాదు, వేలం ఎలా నడుస్తుంది, చట్టం ఏమంటుంది అనే ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ఈ శిల్పం నడిచిన దారి వెంట పోవడమే మంచి పద్ధతి.

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలుమార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషను కంటే ముందు దొనకొండ వస్తుంది. ఆ మండలంలోనే గుండ్లకమ్మ పక్కన చందవరం ఉంది. ఊరి దగ్గర సింగరకొండ అనే గుట్ట మీద బౌద్ధ మహాస్తూపం ఉంది. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి ఈ స్థలాన్ని గుర్తించారు. 1970ల్లో జరిగిన తవ్వకాల్లో మహాస్తూపంతో పాటు చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు అనేకం, భిక్షువుల నివాసాల ఆనవాళ్లు బయటపడ్డాయి. శాతవాహనుల కాలంలో ఇది జనం వచ్చిపోయే స్థలం. కాశీ నుంచి కంచికి నడిచే భిక్షువులకు ఇది మజిలీగా ఉండేదని చెబుతారు. నల్లమల దిగి తూర్పుకు పారే నది, ఆ నది వెంట బాట, బాట పక్కన గుట్ట. బౌద్ధ ఆరామం వెలియడానికి ఇంతకంటే అనువైన చోటు ఈ ప్రాంతంలో అరుదు.

అమరావతి, నాగార్జునకొండల్లో మాదిరే ఇక్కడి స్తూపానికీ సున్నపురాతి పలకలు తొడిగారు. పల్నాటి సున్నపురాయి అని పేరున్న ఆ రాయి లేత ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉంటుంది. ఉలికి మెత్తగా లొంగుతుంది కనుక సన్నని పని పడుతుంది. చేతి గాజులు, తలపాగా మడతలు, చెట్టు ఆకులు కూడా విడివిడిగా చెక్కగలిగారు. కాన్‌బెర్రాకు చేరిన శిల్పం క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది. బుద్ధుణ్ణి సేవించే భక్తులు అందులో కనిపిస్తారు. దాదాపు మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న రాయి అది. ఒక మనిషి చంకన పెట్టుకుని పోగలిగిన బరువు కాదు. దాన్ని కదిలించడానికి మనుషులు కావాలి, బండి కావాలి, ఓడరేవు దాటించే కాగితాలు కావాలి, అవతలి ఒడ్డున కొనేవాడు కావాలి. ఈ నాలుగూ కుదిరితేనే ఊరి శిల్పం విదేశం చేరుతుంది. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది. కొనేవాడు లేకపోతే మొదటి మూడూ అక్కరకు రావు.

కాబట్టి కొనేవాడి వైపు నుంచి చూడాలి. పురాతన శిల్పాలు రెండు దారుల్లో అమ్ముడవుతాయి. ఒకటి డీలరు దుకాణం, రెండోది వేలంపాట. డీలరు దగ్గర బేరం నాలుగు గోడల మధ్య నడుస్తుంది. వేలం నలుగురిలో జరుగుతుంది. లండన్‌లో 1744లో మొదలైన సోథబీస్, 1766లో మొదలైన క్రిస్టీస్ సంస్థలకు ఈ రంగంలో ఇప్పటికీ పెద్దపీట. ప్రతి మార్చి నెలలో న్యూయార్క్‌లో ఆసియా వారం పేరిట జరిగే అమ్మకాలకు గాంధార రాతి బుద్ధులు, చోళుల కంచు విగ్రహాలు, కంబోడియా ఇసుకరాతి దేవతలు, చైనా కంచు పాత్రలు అన్నీ వస్తాయి.

వేలం నడిచే తీరు ఇది. వస్తువు ఉన్నవారు దాన్ని వేలం సంస్థకు అప్పగిస్తారు. సంస్థలోని నిపుణులు కాలం, చోటు, స్థితి అంచనా కట్టి, ఇంత నుంచి ఇంత వరకు పలకవచ్చని రెండు అంకెలు వేసి, ఫొటోతో సహా కేటలాగులో అచ్చువేస్తారు. ఇంతకు తక్కువైతే అమ్మకూడదని యజమాని పెట్టుకున్న కనీస ధర మాత్రం లోపల రహస్యంగా ఉంటుంది. పాట ఆ ధర దాకా రాకపోతే వస్తువు వెనక్కి పోతుంది. వస్తే, చివరి పాటకు సుత్తి పడుతుంది. కొన్నవారు చెల్లించేది సుత్తి పడిన ధర ఒక్కటే కాదు. దాని మీద సంస్థకు పాతిక శాతం అటూఇటూగా రుసుము కట్టాలి. పన్నులు, రవాణా, బీమా వేరు. పత్రికల్లో వచ్చే ధర చాలాసార్లు ఈ రుసుము కలిపిన లెక్క, కేటలాగులోని అంచనా మాత్రం రుసుము కలపనిది. రెండింటినీ పోల్చి వస్తువు ఎంతో ఎక్కువకు పోయిందని అనుకోవడం కొత్తవారు తరచూ పడే పొరపాటు.

ధరను నిర్ణయించే అంశాలు చాలా ఉన్నాయి. ముక్కు, చేతులు విరగని విగ్రహం ఎక్కువ పలుకుతుంది. ఒక శాసనం చెక్కి ఉంటే, కాలం తేలుతుంది కనుక ఇంకా ఎక్కువ. కానీ గడచిన యాభై ఏళ్లలో వీటన్నిటినీ మించిన అంశం ఒకటి వచ్చింది. ఆ వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు పోయింది అన్న యాజమాన్య చరిత్ర అది. పొలం కొనేటప్పుడు రైతు లింకు దస్తావేజులు అడిగినట్టే శిల్పం కొనేవారు దీన్ని అడగాలి. ఒక్క లింకు తెగినా హక్కు చెల్లదన్న సంగతి మార్కాపురం రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కిన ఎవరికైనా తెలుసు. శిల్పాల బజారు మాత్రం చాలాకాలం ఆ దస్తావేజు అడగకుండానే కోట్లు చేతులు మార్చింది.

ఈ విషయంలో 1970వ సంవత్సరం ఒక గీత. ఆ ఏడాది నవంబరులో యునెస్కో సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం 1977 జనవరిలో దాన్ని ధ్రువీకరించింది. తరువాతి కాలంలో పెద్ద మ్యూజియంలు క్రమంగా ఒక నియమానికి వచ్చాయి. 1970కి ముందే వస్తువు తన దేశం దాటిందనో, ఆ తరువాత చట్టబద్ధంగా దాటిందనో రుజువు ఉండాలి, లేకపోతే కొనకూడదు. నియమం మంచిదే. దాని వల్ల ఒక కొత్త మోసం పుట్టింది. 1960ల్లోనే ఫలానా విదేశీయుడు కొన్నాడని రాసిన కాగితాలు తయారవడం మొదలైంది.

చందవరం శిల్పాన్ని ఆస్ట్రేలియాకు అమ్మింది న్యూయార్క్ డీలరు నాన్సీ వీనర్. ఆమె తల్లి డోరిస్ వీనర్ కూడా అదే నగరంలో దశాబ్దాలుగా ఆసియా శిల్పాలు అమ్మిన పేరున్న డీలరు. ఆస్ట్రేలియా సంస్థ 2007లో నాన్సీ వీనర్ దగ్గరే కుషాణుల కాలపు ఎర్ర ఇసుకరాతి బుద్ధ విగ్రహాన్ని పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. దాన్ని 1960ల్లో హాంకాంగ్‌లో ఒక బ్రిటిష్ వ్యక్తి కొన్నాడని కాగితాలు చెప్పాయి. ఆ కథ నిలబడలేదు. డీలరు ఆ డబ్బు తిరిగి ఇచ్చారు. తరువాత ఆస్ట్రేలియా సంస్థ తన ఆసియా సేకరణలో అనుమానం ఉన్న వస్తువులను పరిశీలించే పనిని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానపు మాజీ న్యాయమూర్తి సూజన్ క్రెనన్‌కు అప్పగించింది. 2016లో వెలువడిన ఆమె నివేదిక 36 వస్తువులను చూసింది. వాటిలో 22 వస్తువుల చరిత్ర అసంతృప్తికరంగానో, ప్రశ్నార్థకంగానో ఉందని తేల్చింది. ఒక దేశపు జాతీయ సంస్థ, చేతిలో నిపుణులు, న్యాయవాదులు ఉన్న సంస్థ, సేకరణలో అనుమానించి చూసిన 36లో 22 ఇలా తేలాయంటే మామూలు కొనుగోలుదారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

చందవరం శిల్పం విషయంలో డీలరు కాగితాలను ఓడించింది ఫొటో. తవ్వకాల్లో దొరికిన తరువాత శిల్పం చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయి. పరిశోధకులు వాటిని కాన్‌బెర్రాలోని రాతితో పోల్చి చూపించారు. రాతి మీద విరుపు ఒకటే, పగులు ఒకటే, బొమ్మల వరస ఒకటే. సహజంగా విరిగిన అంచు మరో రాతికి సరిగ్గా అలాగే ఉండదు. అందువల్ల ఇలాంటి పోలికకు న్యాయస్థానంలో కూడా బలం ఉంటుంది. రాయి చందవరానిదే అని తేలాక వాదానికి చోటు లేకపోయింది. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో జరిగిన కార్యక్రమంలో ఆస్ట్రేలియా కళల మంత్రి మిచ్ ఫిఫీల్డ్ మూడు శిల్పాలను భారత సాంస్కృతిక మంత్రి మహేశ్ శర్మకు అప్పగించారు. ఒకటి చందవరం శిల్పం, రెండోది కుషాణుల బుద్ధుడు, మూడోది తమిళనాడుకు చెందిన ప్రత్యంగిరా దేవి.

అదే ఏడాది డిసెంబరులో నాన్సీ వీనర్‌ను న్యూయార్క్‌లో అరెస్టు చేశారు. అప్పటి ఫిర్యాదులో వేలంపాటలకు సంబంధించిన ఒక ముఖ్యమైన ఆరోపణ ఉంది. దొంగ వస్తువును వేలానికి పెట్టడం, మన అనుకున్నవారి చేతే కొనిపించడం, అలా అచ్చు కేటలాగులో దానికి ఒక చరిత్ర సంపాదించడం. తరువాత అమ్మేటప్పుడు ఫలానా ఏడాది ఫలానా వేలంలో అమ్ముడైన వస్తువు అని చెప్పవచ్చు. వినేవారికి అది గట్టి ఆధారంగా కనిపిస్తుంది. నిజానికి అది వేలానికి వచ్చిన రోజు నుంచి మాత్రమే చరిత్ర. అంతకు ముందు ఎక్కడిదన్నది అలాగే చీకట్లో ఉంటుంది. 2021లో ఆమె కుట్ర, దొంగ సొత్తు కలిగి ఉండటం వంటి నేరాలను అంగీకరించారు. అడక్కుండా కొనడం, చెప్పకుండా అమ్మడం ఈ వ్యాపారంలో మామూలైపోయిందన్న అర్థంలో న్యాయస్థానానికి వివరణ ఇచ్చుకున్నారు.

ఇదొక్క డీలరుతో ఆగిన వ్యవహారం కాదు. న్యూయార్క్‌లో దుకాణం పెట్టిన సుభాష్ కపూర్ దగ్గర అదే ఆస్ట్రేలియా సంస్థ 2008లో తమిళనాడు శ్రీపురందన్ గుడి నటరాజును యాభై లక్షల డాలర్లకు కొన్నది. ఆ విగ్రహాన్ని 2014లో ఆ దేశ ప్రధాని టోనీ ఎబట్ స్వయంగా ఢిల్లీకి తెచ్చి అప్పగించారు. కపూర్‌ను 2011లో జర్మనీలో అరెస్టు చేసి 2012లో భారతదేశానికి పంపారు. 2022 నవంబరులో కుంభకోణం న్యాయస్థానం ఆయనకు పదేళ్ల శిక్ష విధించింది. నటరాజు విషయంలోనూ గెలిపించింది పాత ఫొటోయే. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ దశాబ్దాల కిందట గుడి గుడికీ తిరిగి తీసిన ఫొటోల భాండాగారం ఇలాంటి కేసులకు పెద్ద ఆధారం. తమిళనాడుకు అలాంటి భాండాగారం ఉండటం అదృష్టం. ప్రకాశం పడమటి మండలాలకు అది లేదు.

కొనేవారు మరో రక్షణ ఉందనుకుంటారు. పోయిన కళావస్తువుల రిజిస్టరు ఒకటి లండన్ కేంద్రంగా ఉంది. కొనబోయే వస్తువు దొంగ సొత్తుల జాబితాలో లేదని అది ధ్రువపత్రం ఇస్తుంది. ఆ పత్రం చూపించి చాలామంది అమ్ముతారు. కానీ దొంగతనం జరిగిందని ఎవరో ఫిర్యాదు చేస్తేనే అది జాబితాలోకి ఎక్కుతుంది. పొలంలో నాగలికి తగిలి బయటపడి రాత్రికి రాత్రి పోయిన విగ్రహం గురించి ఫిర్యాదు చేసేదెవరు? అది పుట్టినట్టే ప్రపంచానికి తెలియదు. అలాంటి వస్తువుకు ఏ జాబితాలోనూ పేరు ఉండదు, కనుక ధ్రువపత్రం నిక్షేపంగా వస్తుంది. ఆ పత్రం దొంగతనం జరగలేదనడానికి రుజువు కాదు, ఫిర్యాదు అందలేదనడానికి మాత్రమే రుజువు.

ఇక భారతదేశంలో చట్టం ఏమిటో చూడాలి. నూరేళ్లు నిండిన శిల్పం, నాణెం, చిత్రం, శాసనం వంటివి పురావస్తువులు. శాస్త్ర, సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు డెబ్భై ఐదేళ్లు చాలు. 1972లో చేసిన పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వం, అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప మరెవరూ పురావస్తువును దేశం దాటించకూడదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, జరిమానా. అంతకు ముందు కూడా 1947 నాటి ఎగుమతి నియంత్రణ చట్టం ఉండేది. అంటే స్వతంత్రం వచ్చిన తరువాత అనుమతి పత్రం లేకుండా ఆంధ్రదేశం నుంచి బయటికి పోయిన పురాతన శిల్పం ఏదైనా అక్రమంగా పోయినట్టే లెక్క. విదేశీ వేలంలో ఆంధ్ర శిల్పం కనిపిస్తే వేయవలసిన మొదటి ప్రశ్న ఒకటే. 1947 కంటే ముందు ఇది దేశం దాటిందని చూపించే కాగితం ఉందా?

దేశం లోపల సేకరణ నిషేధం కాదు. రాతి, లోహ, మట్టి, దంతపు శిల్పాలు ఉన్నవారు రిజిస్టరింగ్ అధికారి దగ్గర ఫొటోలతో నమోదు చేయించుకుని ధ్రువపత్రం పొందాలి. ఇంకొకరికి ఇచ్చినా, అమ్మినా తెలియజేయాలి. వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ముంబయి, ఢిల్లీ నగరాల్లోని వేలం సంస్థలు నమోదైన పురావస్తువులను అమ్ముతాయి. అవి దేశం దాటవని కేటలాగులోనే రాస్తాయి. విదేశీ కొనుగోలుదారులు లేకపోవడం వల్ల వీటి ధర న్యూయార్క్ ధరలో చాలా తక్కువ భాగమే ఉంటుంది. ఈ తేడాయే దొంగ రవాణాకు ఆశ పుట్టిస్తుందని, చట్టం సడలిస్తే దొంగతనాలు తగ్గుతాయని కొందరు వాదిస్తారు. ఆ వాదంలో ధర గురించి చెప్పింది నిజం, మిగతాది నిలవదు. ఎగుమతికి తలుపులు తెరిస్తే ముందు పోయేవి నగరంలో నమోదైన శిల్పాలు కావు, ఊరి చివర ఏ పుస్తకానికీ ఎక్కని శిల్పాలు.

భూమిలో దొరికిన వస్తువులకు ఇంకో పాత చట్టం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. పది రూపాయల విలువ దాటిన ఏ నిధి భూమిలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని అది చెబుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే వస్తువు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించే ఏర్పాటు కూడా అందులో ఉంది. దాచితే జైలు శిక్ష ఉంది. దొరికిందని చెబితే ఊరికే లాక్కుపోతారన్న భయం గ్రామాల్లో గట్టిగా పాతుకుపోయింది. ఆ భయం వల్ల చెప్పకుండా దాచిన వస్తువే చివరికి దళారి చేతిలో పడుతుంది. అతను ఇచ్చేది వేలు. ఆ వస్తువు చివర పలికేది ఎన్ని వేల రెట్లో ఊరివారికి ఎన్నటికీ తెలియదు.

గుప్తనిధుల పిచ్చి దీనికి తోడైంది. నల్లమల అంచు మండలాల్లో పాడుబడిన గుడి కనిపిస్తే చాలు, విగ్రహం కింద బంగారం ఉందని నమ్మి తవ్వేవారు ఉన్నారు. రాత్రిపూట గడ్డపారలతో నంది మెడ, లింగం పానవట్టం పగలగొడతారు. అక్కడ బంగారం దొరికిన దాఖలా ఉండదు. పగిలిన రాయి మాత్రం మిగులుతుంది. శిల్పాల బజారుకు కూడా అది పనికి రాదు. విలువ తెలిసిన దొంగ చేతిలో పోయిన శిల్పం ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఏదో ఒకనాటికి దొరకవచ్చు. నిధి కోసం పగిలిన శిల్పం ఇక ఎక్కడా ఉండదు. ఈ ప్రాంతానికి జరిగే నష్టాల్లో అతి పెద్దది ఇదే.

పోగొట్టుకోవడానికి ఈ ప్రాంతంలో ఏముందని అనుకునేవారు చుట్టూ చూడాలి. గిద్దలూరు దగ్గర సత్యవోలులో చాళుక్యుల కాలపు రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు ఉన్నాయి. త్రిపురాంతకం కొండ మీద కాకతీయుల కాలపు శాసనాలు రాళ్ల నిండా ఉన్నాయి. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి మండపాల్లో విజయనగర శిల్పుల పని కనిపిస్తుంది. చంద్రశేఖరపురం వైపు భైరవకోనలో కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు ఉన్నాయి. ఇవన్నీ పేరున్నవి, వీటికి ఏదో ఒక కాపలా ఉంది. పేరులేనివి ఇంకా ఎక్కువ. కంభం చెరువు కట్ట చుట్టుపక్కల, గుండ్లకమ్మ వెంట ఉన్న ఊళ్లలో రావిచెట్టు కింద ఆనించిన నాగశిలలు, వీరుల రాళ్లు, పొలం గట్టున నిలబడ్డ శాసనాలు, బొడ్రాయి పక్కన పడి ఉన్న విరిగిన దేవతలు. వీటికి ఊరివాళ్ల చూపే కాపలా.

నమోదు పని దేశమంతటా వెనకబడే ఉంది. స్మారకాలు, పురావస్తువుల జాతీయ మిషన్‌ను 2007లో మొదలుపెట్టారు. దేశంలో దాదాపు 58 లక్షల పురావస్తువులు ఉంటాయని అంచనా. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన ప్రకారం అప్పటికి వివరాలు నమోదైనవి 16.8 లక్షలు. మిగతా వాటిలో ఏ ఒక్కటి పోయినా, అది మనదని చెప్పుకోవడానికి చేతిలో కాగితం ఉండదు.

రాత, గీత రాతి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయనడానికి అమరావతి కంటే మంచి సాక్ష్యం లేదు. బ్రిటిష్ అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ 1816లో తన మనుషులతో అమరావతి శిల్పాలకు బొమ్మలు గీయించారు. ఆ తరువాత అక్కడి చాలా రాళ్లు సున్నపు బట్టీలకు పోయాయి. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి ప్రధానంగా అవే. అవి దొంగతనంగా పోలేదు, పాలకుల చేతుల మీదుగా పోయాయి. అందుకే చందవరం శిల్పం మాదిరిగా తిరిగి తెచ్చుకోవడానికి ఇప్పటి చట్టాల్లో సులువైన దారి లేదు. రెండూ ఒకే రాయి, ఒకే శిల్ప సంప్రదాయం. పోయిన కాలాన్ని బట్టి ఒకటి తిరిగి వచ్చింది, మరొకటి అక్కడే ఉంది. అమరావతిలో బట్టీలకు పోయిన శిల్పాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి నేడు పరిశోధకులకు దిక్కు మెకంజీ బొమ్మలే.

పాలకుల కాలంలో పోయిన వస్తువులు వేలానికి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న 2025లో గట్టిగానే లేచింది. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో 1898లో విలియం పెప్పే అనే ఎస్టేటు యజమాని బుద్ధుని ధాతువులు, వాటితో పాటు ఉంచిన రత్నాలు తవ్వి తీశారు. ధాతువులను బ్రిటిష్ ప్రభుత్వం సయాం రాజుకు ఇచ్చింది. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా మ్యూజియానికి పోయింది. కొంత ఆయన కుటుంబం దగ్గర మిగిలింది. ఆ మిగిలిన భాగాన్ని సోథబీస్ 2025 మే 7న హాంకాంగ్‌లో వేలం వేయబోయింది. భారత ప్రభుత్వం లీగల్ నోటీసు ఇవ్వడంతో వేలం ఆగింది. గోద్రెజ్ పారిశ్రామిక కుటుంబం కొనుగోలు చేయడంతో ఆ రత్నాలు జులై చివరలో దేశానికి వచ్చాయి. ధాతువులతో పాటు సమర్పించినవి కూడా పూజనీయాలే, వాటిని ధర కట్టి అమ్మకూడదన్నది బౌద్ధుల వాదన. ఆ వాదన న్యాయమైనది. అయినా వచ్చింది డబ్బు చెల్లించాకే అన్నది మరిచిపోకూడదు. చట్టం చేతికి అందని చోట చివరికి కొనుక్కోవడమే మిగిలింది.

అయితే పరిస్థితి మారుతోంది. 2024 జులైలో భారత్, అమెరికాలు సాంస్కృతిక సంపద ఒప్పందం కుదుర్చుకున్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా 297 పురావస్తువులను అప్పగించింది. తిరిగి వచ్చినవాటిని ప్రదర్శించడానికి ఢిల్లీ పురానా ఖిల్లాలో 2019లో ఒక ప్రత్యేక ప్రదర్శనశాల తెరిచారు. దేశానికి తిరిగి రావడం ఒక మెట్టు, పుట్టిన చోటికి రావడం మరో మెట్టు. కాపలా, గాలి తేమ నియంత్రణ, అగ్నిభద్రత ఉన్న మ్యూజియం దగ్గరలో లేకపోతే శిల్పాన్ని ఊరికి పంపడం మళ్లీ దొంగ చేతిలో పెట్టడమే అవుతుంది. గుండ్లకమ్మ లోయ శిల్పాలకు ఈ ప్రాంతంలోనే సరైన మ్యూజియం కట్టడం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలచుకుంటే చేయలేని పని కాదు.

సేకరణ మీద నిజమైన ప్రేమ ఉన్నవారికి మంచి దారులు లేకపోలేదు. హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరులో మ్యూజియం ఏర్పడింది. అదే నగరంలో జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు సేకరించిన భారతీయ కళను 1976లో ట్రస్టుకు ఇచ్చేశారు. సేకరించినది జనానికి చూపించారు, పుస్తకాల్లో అచ్చువేయించారు. వస్తువును దాచిపెట్టే సేకరణకూ, వెలుగులో పెట్టే సేకరణకూ ఉన్న తేడా అక్కడే ఉంది.

ఇంట్లో రాతి శిల్పం ఉండాలని మాత్రమే కోరుకునేవారికి పురాతనమైనదే కావాలన్న పట్టుదల అవసరం లేదు. నకిలీలను పాతవిగా అమ్మే మోసం ఈ బజారులో దొంగ సొత్తు అంత పెద్దదే. కొత్త రాతిని ఆమ్లంలో నానబెట్టి, మట్టిలో పూడ్చి, ముక్కు విరగ్గొట్టి వెయ్యేళ్లనాటిదని అమ్ముతారు. దానికి లక్షలు పోసే కంటే, నల్లమలకు అవతల ఆళ్లగడ్డలో, పల్నాడులోని దుర్గిలో తరతరాలుగా చెక్కుతున్న శిల్పుల దగ్గర కొత్త శిల్పాన్ని కొత్తదిగానే కొనడం మేలు. రెండు చోట్ల పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గిలో ఇప్పటికీ పల్నాటి సున్నపురాయే వాడతారు. విదేశంలోని బంధువులకు పంపాలంటే, ఇది పురావస్తువు కాదని పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే విమానాశ్రయంలో చిక్కు ఉండదు.

ఊళ్లో ఉన్నవారు చేయగలిగింది చిన్న పనే. ఊరి గుడిలో, చెట్టు కింద, పొలంలో ఉన్న పాత రాయి ప్రతిదానికీ ముందు నుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి ఫొటో తీయాలి. విరిగిన అంచులు, పగుళ్లు ప్రత్యేకంగా దగ్గరగా తీయాలి. గుర్తు పట్టడానికి పనికొచ్చేవి అవే. కొలతలు తీసి, తేదీ, ఊరి పేరు రాయాలి. పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. ఆ ఫొటోలు పంచాయతీ దగ్గర ఒకటి, పాఠశాలలో ఒకటి ఉంచి, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒకటి పంపాలి. రాతికి సున్నం, ఆయిలు పెయింటు పూయకూడదు. పొలంలో కొత్తగా ఏదైనా బయటపడితే కదిలించకుండా తహసీల్దారుకు చెప్పాలి. విగ్రహం పోయిందని తెలిసిన రోజే పోలీసులకు ఫొటోతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకోవాలి. ఆ ప్రతి, ఆ ఫొటో ఉంటే ముప్పై ఏళ్ల తరువాత ప్రపంచంలో ఏ వేలం కేటలాగులో ఆ శిల్పం కనిపించినా, అది ఫలానా ఊరిదని నిరూపించి ఆపవచ్చు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దొనకొండ ప్రాంతాల పాఠశాలలు, యువజన సంఘాలు ఈ పనిని ఈ ఏడాదే చేపట్టాలి.